ఆర్పితే పోయే యాది

నిజామాబాద్ గాంధీచౌక్ వెనక సందులో రాజనర్సుకు టీవీ రిపేరు షాపు ఉంది. ముప్పై నాలుగేళ్లుగా అదే షట్టరు, అదే బల్ల, అదే టేబుల్ ఫ్యాను. ఇప్పుడు టీవీలు గోడకు అతుక్కుంటున్నాయి. చెడిపోతే బాగు చేయించుకునేవాళ్లు లేరు, పారేసి కొత్తది తెచ్చుకుంటున్నారు. అయినా పొద్దున పదింటికి షట్టరు లేపి, ఏదో ఒక పాత బోర్డు ముందేసుకుని కూర్చోకపోతే ఆయనకు తోచదు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. భార్య సుమన వినాయక్‌నగర్‌లో ఇంటి దగ్గరే బట్టలు కుడుతుంది. బిడ్డ అఖిల పెళ్లయి మోర్తాడ్‌లో ఉంటుంది.

రాజనర్సుకు పేరు వచ్చింది చేతి పని వల్ల కాదు, యాది వల్ల. పదిహేనేళ్ల కింద బాగు చేసిన సెట్టు మళ్లీ కంటబడితే, “ఇది ఎడపల్లి పోశన్నది. పిడుగు పడ్డ తెల్లారి తెచ్చిండు, గోనెసంచిల చుట్టుకొని” అనేవాడు. పోశన్నే మరిచిపోయి ఉంటాడు, రాజనర్సు మరిచిపోడు.

శ్రావణ మాసం, ముసురు పట్టిన సోమవారం. షట్టరు లేపాడో లేదో ఫోన్ మోగింది.

“టీవీలు బాగు చేసే నర్సన్ననా? బోధన్ నుంచి మాట్లాడుతున్న. నా పేరు తారాబాయి. మా తమ్ముని దగ్గర పాత కంప్యూటర్ ఒకటున్నది. టీవీకి తగిలించేది.”

“ఏ కాలందక్కా?”

“ఎనభై ఆరుల బొంబాయి నుంచి తెచ్చుకున్నడు. కీబోర్డు, కంప్యూటర్ అంత ఒక్కటే డబ్బ. ఇప్పుడు స్క్రీను మీద ఏం సక్కగ వస్తలేదు. గళ్లు గళ్లుగ కనవడుతది, పైకి ఉరుకుతది.”

రాజనర్సు ఫోను చెవికి పెట్టుకునే బల్ల ముందు కూర్చున్నాడు. ఇరవై ఏళ్ల వయసులో హైదరాబాద్‌లో పని నేర్చుకునేటప్పుడు ఓనరు దగ్గర అలాంటి మిషను ఒకటి ఉండేది. అందరూ అన్నానికి పోయినప్పుడు దాని ముందు కూర్చుని తన పేరు కొట్టుకునేవాడు. టీవీలో తన పేరు చూసుకుంటుంటే ఒళ్లు పులకరించేది. అలాంటిది మళ్లీ చేతికి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

“షాపుకు తెస్తరా?”

“అది మా తమ్ముని ముంగటి నుంచి కదిలియ్యరాదన్నా. మీరే రావాలె.”

సామాను సంచీ, ముప్పై ఏళ్లుగా పాత బోర్డుల నుంచి పీకి దాచిన చిప్పుల రేకు డబ్బా తీసుకుని బోధన్ బస్సెక్కాడు. ఎడపల్లి దాటాక వాన పెరిగింది. కిటికీ సందుల్లోంచి తడి మట్టి వాసన, దానితో పాటు ఎక్కడో కుళ్లుతున్న చెరుకాకు పుల్లటి వాసన. ఎప్పుడో పొగ మానేసిన చక్కెర ఫ్యాక్టరీ చిమ్నీ వానలో మసకగా కనిపించి దాటిపోయింది.

తారాబాయి ఇల్లు రాకాసిపేటలో. పాత పెంకుటిల్లు, ముందు అరుగు. అరుగు మీద నలభై అయిదేళ్ల మనిషి ఒకడు కూర్చుని ఉన్నాడు. చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఇంకొకటి పెట్టుకున్నాడు.

“తారాబాయి ఇల్లు ఇదేనా?” అని అడిగాడు రాజనర్సు.

ఆ మనిషి చాలాసేపు ఆలోచించాడు. “ఏమో,” అన్నాడు చివరికి. “నేను గూడ గదే సూస్తున్న.”

ఇంతలో తలుపు తీసుకుని తారాబాయి వచ్చింది. అరవై అయిదేళ్లుంటాయి. సన్నటి మనిషి, నెరిసిన జుట్టు, నిద్ర లేని కళ్లు. “రా అన్నా, లోపటికి రా,” అంటూ, అరుగు మీది మనిషి వైపు చూడకుండానే లోపలికి తీసుకుపోయింది.

మధ్య అర్రలో తడి గోడల వాసన. కర్పూరం వాసన. వాటి కింద, కాలిన దుమ్ము వాసన. పాత టీవీలు వేడెక్కితే వచ్చే వాసన అది, రాజనర్సుకు ఇంటి వాసనలాంటిది. కిటికీకి ఎదురుగా బల్ల. బల్ల మీద పద్నాలుగు అంగుళాల బ్లాక్ అండ్ వైట్ టీవీ, దాని ముందు నల్లటి డబ్బా కంప్యూటర్. బల్ల ముందు చేతుల కుర్చీలో ఒకాయన.

అరవై ఏళ్లుంటాయి. శుభ్రంగా గడ్డం గీసి, తల దువ్వి, ఇస్త్రీ చొక్కా తొడిగారు. కళ్లు తెరిచే ఉన్నాయి. చూపు మాత్రం టీవీ దాకా పోయి అక్కడే ఆగిపోయింది.

“మా తమ్ముడు రామ్‌దాస్,” అంది తారాబాయి. “పిల్లలకు లెక్కలు చెప్పెటోడు. పదహారేండ్లయింది గిట్లయి.”

“పక్షవాతమా అక్కా?”

“డాక్టర్లు ఏదో పేరు చెప్పిండ్రు. నాకు తెలిసింది ఒక్కటే. ఆ పొద్దు దీని ముంగట కూసొని ఏదో చేస్తున్నడు. కరెంటు పోయింది. మళ్లొచ్చింది. తమ్ముడు రాలే.”

రాజనర్సు సంచీ విప్పాడు. కుర్చీని జరపబోతే తారాబాయి వద్దంది. అందుకని రామ్‌దాస్ మోకాళ్లు తన మోకాళ్లకు తగిలేలా, పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

మొదట బొమ్మ సంగతి చూశాడు. స్విచ్ వేస్తే టీవీలో బూడిద రంగు గళ్లు, కిందినుంచి పైకి పరుగెత్తుతున్నాయి. కంప్యూటర్ మూత విప్పాడు. బొమ్మను యాంటెనా తీగలోకి పంపే చిన్న రేకు పెట్టె తుప్పు పట్టిపోయింది. దాన్ని దాటించి టీవీకి నేరుగా తీగ వేశాడు. ఎండిపోయిన కెపాసిటర్ ఒకటి మార్చాడు. మళ్లీ స్విచ్ వేస్తే గళ్లు నిలబడ్డాయి. నల్లటి గడి, తెల్లటి గడి, మధ్యలో నిలువు చారలు.

“బొమ్మ నిలవడ్డదక్కా. తప్పు బొమ్మది కాదు, యాదిది,” అన్నాడు. బోర్డు మీద వరసగా ఉన్న ఎనిమిది చిప్పులు చూపించాడు. “ఒక్కో అక్షరాన్ని ఎనిమిది ముక్కలు చేసి, తలా ఒక ముక్క పట్టుకుంటయ్ ఇవి. ఎనిమిది మంది కూలోళ్లు ఒక్క దూలం మోసినట్టు. ఒక్కడు చెయ్యి ఇడిస్తె దూలం వంకర పోతది.”

“మరి ఆర్పితే?”

“ఆర్పితే అందరు ఇడిచిపెడ్తరు. దీని యాది కరెంటున్నంత సేపే. మళ్ల స్విచ్ ఏస్తె ఖాళీగ లేస్తది.”

“ఖాళీగ ఎట్లుంటది అన్నా,” అంది తారాబాయి, “ఏదో ఒకటి నింపుకోకుంట?”

చదువుకోని మనిషి మాట అనుకుని రాజనర్సు నవ్వి ఊరుకున్నాడు.

చిప్పుల మీద ఒక్కొక్కటిగా వేలు పెట్టి చూశాడు. చెడ్డ చిప్పు కాలుతుంది. రెండోది చుర్రుమంది. దాన్ని పీకబోతూ చూశాడు: చిప్పులు బోర్డుకు అతికించి లేవు, సాకెట్లలో గుచ్చి ఉన్నాయి. టంకం నున్నగా, ముత్యాల్లా ఉంది.

“ఇదివరకే ఎవరో చేసిండ్రు దీని మీద. మంచి పనోడే.”

“నాందేడ్ ఆయన. నాలుగేండ్ల కింద.”

“మరి సగంల ఎందుకు ఇడిచిండు?”

“చాయ్ తెస్తనన్నా,” అని తారాబాయి వంటింట్లోకి పోయింది.

ఆర్పాడు. చెడ్డది పీకి, రేకు డబ్బాలోంచి మంచిది గుచ్చాడు. స్విచ్ వేశాడు. టక్.

టీవీ ఒక్కసారి తెల్లగా మెరిసింది. అదే క్షణంలో తల వెనక ఎక్కడో సన్నగా చల్లబడింది, చెవిలో నీళ్లు పోయినట్టు. గళ్లు పోయి, వాటి చోట అక్షరాలు వచ్చాయి. అన్నీ విరిగిన అక్షరాలే. చాయ్ కప్పుతో వచ్చిన తారాబాయి గడపలోనే ఆగిపోయింది. ఆమె చూస్తున్నది టీవీని కాదు. రామ్‌దాస్ చూపుడు వేలు కుర్చీ చేతి మీద మెల్లగా కొట్టుకుంటోంది.

“మంచిగున్నది చాయ్,” అన్నాడు రాజనర్సు. “మీ పేరేందక్కా?”

ఆమె తమ్ముడి వేలు వైపే చూస్తూ చెప్పింది. “తారాబాయి.”

“ఔ, చెప్పిండ్రు గదా,” అన్నాడు సిగ్గుపడుతూ. ఆయన జన్మలో ఒక పేరు రెండుసార్లు అడిగింది లేదు.

మిగిలిన చిప్పులు కాలడం లేదు కాబట్టి, ఏది మంచిదో ఏది చెడ్డదో మార్చి మార్చి చూడాలి. ఆర్పడం, ఒకటి పీకడం, ఇంకొకటి గుచ్చడం, స్విచ్ వేయడం. టక్. తెల్లటి మెరుపు. చెవిలో చల్లటి నీళ్లు. మళ్లీ ఆర్పడం. ఒక్కో చిప్పు కుదిరేకొద్దీ అక్షరాల వంకర తగ్గుతోంది. రాజనర్సుకు హుషారు ఎక్కింది. చాన్నాళ్ల తరువాత చేతులకు పని దొరికింది. వాన పెంకుల మీద దంచుతోంది. రెండు గంటలు గడిచాయో, మూడో.

మధ్యలో ఒకసారి తల ఎత్తి కిటికీ బయటికి చూశాడు. వాన. ఎర్రటి నీళ్లు పారుతున్న సందు. ఏ ఊరు ఇది? బోధన్. అది యాదికుంది. మరి ఏ ఊరి నుంచి వచ్చాను?

ఆకలికి తల తిరుగుతోంది అనుకున్నాడు. మళ్లీ బోర్డు మీదికి వంగాడు.

అలా వంగినప్పుడు, టీవీ వెలుగులో, చిప్పు పీకే తన వేళ్లు కనిపించాయి. టంకం కాలిన మచ్చలు, గట్టిపడిన చర్మం. ఇలాంటి వేళ్లే ఇవాళ ఇంకెవరివో చూశాడు. ఎవరివి? చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్న ఒక మనిషి... అరుగు మీద... అవును, ఆ మనిషి వేళ్ల కొసలు కూడా ఇట్లాగే కాలి ఉన్నాయి. ఇది ఆలోచించాల్సిన సంగతి అని మనసు చెప్పింది. కానీ చెయ్యి అప్పటికే స్విచ్ మీద ఉంది.

టక్.

ఏదో ఆలోచించాలనుకున్నాడు. ఏమిటది?

ఆరో చిప్పు కుదిరింది. ఈసారి అక్షరాలు నిండుగా, నిలువుగా వచ్చాయి. ఒకే మాట. వరస కింద వరస, స్క్రీను నిండా అదే మాట. ఎస్, యు, ఎం, ఏ, ఎన్, ఏ.

“సుమన,” అని చదివాడు. “గీమె ఎవరక్కా? మీ ఇంట్ల మనిషా?”

తారాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కింద బండల వైపు చూస్తూ నిలబడింది.

సంచీలో ఫోన్ మోగింది. తీసి చూశాడు. ఫోను మీద పేరు వెలుగుతోంది. సుమన.

టీవీ వైపు చూశాడు. ఫోను వైపు చూశాడు. టీవీ వైపు చూశాడు.

“ఎత్తు,” అన్నారు ఎవరో.

గొంతు బొంగురుగా ఉంది, ఏళ్ల తరబడి తీయని తలుపు బందుల్లా. రామ్‌దాస్ మెడ తిప్పి తన వైపే చూస్తున్నాడు. మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర నుంచి.

“నా పెండ్లాం,” అన్నాడు రామ్‌దాస్. “ఎత్తు. ఎత్తకపోతె పరేషాన్ అయితది.”

వేలు దానంతట అదే ఫోను మీద జరిగింది.

“ఏమయ్యా, తిన్నవా? టిఫిన్ డబ్బ ఈడనే ఇడిచిపోయినవ్,” అంది ఫోనులో ఒక ఆడగొంతు.

“మీరెవరమ్మా?”

“గిదేం నకరాలు?” వెంటనే, భయంగా, “ఏమయ్యా... ఏమైంది నీకు?”

కుర్చీలోంచి రామ్‌దాస్ ఫోను మీదికి వంగాడు. “ఏం కాలే సుమనా,” అన్నాడు మెత్తగా, అచ్చం రాజనర్సు మాట తీరులో. “పనిల ఉన్న. డబ్బ మరిచిపోయిన. సాయంత్రం వస్త.”

“గట్ల చెప్పు. పానం పోయినంత పనైంది,” అంది ఆ గొంతు. ఊపిరి తీసుకుంది. ఫోన్ పెట్టేసింది.

రాజనర్సు జేబులు తడుముకున్నాడు. పర్సులో తన ఫోటో, తన పేరు ఉన్నాయి. పేరు తెలుసు, పని తెలుసు, ఈ మిషను తెలుసు. వాటి వెనక ఉండాల్సింది ఏదీ లేదు. నీళ్లు తోడేసిన బావిలా ఉంది. చెయ్యి స్విచ్ మీదికి పోయింది.

తారాబాయి ఆ మణికట్టు పట్టుకుంది. సన్నటి చెయ్యే, కానీ ఉడుంపట్టు.

“ఆర్పకు.” గుసగుసగా అంది. “ఆర్పితే పోతయ్. అవన్ని నీయే.”

“ఏంది నాయి?”

“నువ్వే చెప్పినవ్ గదా అన్నా, ఖాళీగ లేస్తదని. ఖాళీగ లెవ్వదది. పక్కన ఎవరుంటె వాళ్లది గుంజుకుంటది. ఎన్ని చిప్పులు మంచిగైతే గంత ఎక్కువ గుంజుకుంటది. ఆర్పితే పారవోస్తది.” ఆమె తలుపు వైపు తల తిప్పింది. “నాందేడ్ ఆయన గూడ గిట్లనే భయపడి ఆర్పిండు. అరుగు మీదున్నడు గదా, ఆయనే. లింబయ్య అని నేనే పేరు పెట్టిన. ఎవరన్న వెతుక్కుంట వస్తరని సూసిన. నాలుగేండ్లయె. ఎవరు రాలే.”

“తెలిసే పిలిచినవా అక్కా నన్ను?”

తారాబాయి పట్టు సడలింది. “మమ్ముల కన్న అవ్వ నా తమ్మున్ని నా చేతుల పెట్టి పోయింది. పదహారేండ్లయె, వాని నోట్లకెల్లి ఒక్క మాట ఇనలే. నాందేడ్ ఆయన పని చేసిన నాడు ఒక్క జాము మాట్లాడిండు. మరాఠీల, వాళ్ల ఊరి నీళ్ల బాయి గురించి. వాడు చెప్పుకుంట నవ్విండన్నా. ఎవరి మాటలైతేంది, వాని నోట్లకెల్లి వస్తున్నయ్ గదా అనుకున్న. ఎనిమిది మంచిగైతే వాని యాది వానికి వస్తదేమో అనుకున్న.”

“రాదక్కా,” అన్నాడు రాజనర్సు. కోపంతో అనలేదు. కోపానికి కూడా వెనక ఏదో ఉండాలి, అది లేదు. మెకానిక్కుగా తెలిసిన మాట చెప్పాడు, అంతే. “కరెంటు పోయిన నాడే పోయింది.”

“తెలుసు,” అంది తారాబాయి.

పొద్దున్నుంచి ఎన్నిసార్లు ఆర్పాడు? లెక్క పెట్టబోయాడు, లెక్క తేలలేదు. ఆర్పినప్పుడల్లా ఏవేవో పోయాయి, అవి ఇక పోయినట్టే. ఏం పోయిందో కూడా తెలియదు. ఇప్పుడు ఈ నల్ల డబ్బాలో ఉన్నది మాత్రమే మిగిలింది. అది కరెంటున్నంత సేపే.

బయట ఉరిమింది. నెత్తి మీద ఫ్యాను నెమ్మదించి, నెమ్మదించి, ఆగింది.

టీవీ ఆగలేదు. గోడ మూల నుంచి, బల్ల దగ్గరి ప్లగ్గుకు మాత్రమే కలిపిన ఇన్వర్టర్ కూత పెట్టింది. కూఁ.

“ఎంతసేపుంటది?”

“పాత బ్యాటరీ. పదిహేను నిమిషాలు... గంతే.”

తారాబాయి లైన్‌మన్‌కు ఫోన్ చేసింది. చందూర్ రోడ్డులో చెట్టు కూలి తీగలు తెగాయట, కరెంటు వచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటుతుందట. అప్పుడు సాయంత్రం నాలుగు. ఇన్వర్టర్ మళ్లీ కూసింది.

రాజనర్సు సంచీలోంచి రిపేర్ల పుస్తకం, పెన్సిలు తీశాడు. స్టూలు రామ్‌దాస్ వైపు తిప్పుకున్నాడు.

“చెప్పు,” అన్నాడు. “నేనెవరు?”

రామ్‌దాస్ కళ్లలో జాలి కనిపించింది. “రాసుకో,” అన్నాడు. “ఇల్లు వినాయక్‌నగర్. నిజామాబాద్ బస్టాండుల దిగి ఆటో ఎక్కు. నీలం గేటు, పక్కన కుట్టుమిషను బోర్డు. సుమన అని పిలువు. ఆమెకు కుడి చెవు ఇనవడది, ఎడమ పక్కకు కూసొని మాట్లాడు. ఎవరికి తెల్వనియ్యదు, నువ్వు గూడ అనకు.”

రాజనర్సు రాస్తున్నాడు. ఎవరిదో బతుకు వింటున్నట్టుంది.

“మీ బాపు సచ్చిపోయిన నాడు నీకు ఏడ్పు రాలే. కట్టెలు తెస్తనని చెప్పి సినిమా టాకీసుల కూసున్నవ్. ఇప్పటిదాక ఎవరికి చెప్పలే.”

కూఁ.

“ఇంకా. ఇంకా చెప్పు. పిల్లలున్నరా నాకు?”

“ఇద్దరు బిడ్డలు. పెద్దది అఖిల, మోర్తాడ్‌ల ఇచ్చినం. పెరుగు అంటె ఇష్టం దానికి. చిన్నది దీక్షిత.”

ఆ పేరు అన్న తరువాత రామ్‌దాస్ మొహం మారింది. అప్పటిదాకా నింపాదిగా చెబుతున్న మనిషి కిటికీ వైపు చూశాడు. గొంతు తగ్గించాడు.

“దీక్షిత సంగతి ముందుగాల చెప్పవలసింది. నీకొక్కనికే యాదికున్న బిడ్డ అది...”

కూఁ. కూఁ.

“ఏంది? జల్ది చెప్పు.”

“రాసుకో. సక్కగ రాసుకో. పొద్దుగూకినంక దీక్షిత వచ్చి పిలుస్తది. పిలిస్తె దర్వాజ...”

ఇన్వర్టర్ ఆగకుండా ఏడ్చింది. స్క్రీను మీది అక్షరాలన్నీ నలిగి ఒక తెల్లటి గీత అయ్యాయి. గీత చుక్క అయింది. చుక్క కాసేపు అలాగే ఉంది.

పోయింది.

“దర్వాజ?” అన్నాడు రాజనర్సు. “దర్వాజ ఏంది? రామ్‌దాస్... దర్వాజ తియ్యాల్నా? తియ్యద్దా?”

రామ్‌దాస్ నోరు సగం తెరుచుకుని ఉంది. అనబోయిన మాట పెదవుల మీద ఆకారంగా మిగిలిపోయింది. కళ్లు టీవీ దాకా పోయి ఆగిపోయాయి. రాజనర్సు ఆ భుజాలు పట్టుకుని ఊపాడు. తల అటూ ఇటూ ఊగింది. తారాబాయి తువాలు తెచ్చి తమ్ముడి గడ్డం తుడిచింది. తుడుస్తూనే, రాజనర్సు వైపు చూడకుండా అంది.

“ఇంక రెండు చిప్పులే ఉన్నయ్ గదన్నా.”

సామాను సంచీ అక్కడే ఉండిపోయింది. పుస్తకం గుండెకు అదుముకుని బయటపడ్డాడు. అరుగు మీద లింబయ్య అని పిలవబడే మనిషి ఆయన్ని చూసి కొంచెం జరిగాడు, పక్కన చోటు ఇచ్చాడు. వానకు తడవని చోటు. రాజనర్సుకు అక్కడ కూర్చోవాలనిపించింది. చాలా గట్టిగా అనిపించింది. కూర్చుంటే ఇంక ఏ దారీ తెలుసుకోనక్కర్లేదు.

పుస్తకం తెరిచి చదివాడు. ఇల్లు వినాయక్‌నగర్. నిజామాబాద్ బస్టాండుల దిగు.

వానలోకి దిగి, ఎదురొచ్చిన మనిషినల్లా అడుగుతూ బస్సు దొరికించుకున్నాడు.

నీలం గేటు చేరేసరికి చీకటి పడింది. తలుపు తీసిన ఆమె మొహం ఆయనకు కొత్త. “సుమనా,” అన్నాడు, పుస్తకంలో ఉన్నట్టే. లోపలికి తీసుకుపోయి, గొళ్లెం పెట్టి, తల తుడిచింది. ఆయన ఆమె ఎడమ పక్కన కూర్చున్నాడు. జరిగిందంతా చెప్పాడు. చెబుతుంటే ఆమె ఏడ్చింది, మధ్యలో మెదడు డాక్టరు పేరు ఒకటి అంది, రేపు పొద్దుగాల్నే పోదామంది. తర్వాత పుస్తకం తీసుకుని లైటు కింద చదవసాగింది.

కుడి చెవి మాట దగ్గర ఆగింది. కళ్లొత్తుకుంది. టాకీసు మాట దగ్గర ఆయన మొహం వైపు చూసింది. చదువుతూ పోయి, ఒక వరస దగ్గర వేలు పెట్టింది.

“ఇద్దరు బిడ్డలా? మనకు అఖిల ఒక్కతే గదా. ఈ దీక్షిత ఎవరు?”

“నాకు తెల్వది. ఆయన చెప్పింది రాసిన.”

“అన్ని నిజమే చెప్పిండు. ఇదొక్కటి...” అంటూ అన్నం పెట్టడానికి లేచింది.

కింద చాప పరిచి ఉంది. చాప ముందు మూడు కంచాలు బోర్లించి ఉన్నాయి.

“ఇంకెవరన్న వస్తరా?” అని అడిగాడు రాజనర్సు.

సుమన కంచాల వైపు చూసింది. ఆమె కూడా వాటిని అప్పుడే చూస్తున్నట్టు చూసింది. “లేదు,” అంది. ఒక కంచం తిప్పి పెడుతూ, “రోజు మూడే పెడ్త గదా...” అంది. ఎందుకన్నదో ఆమెకే తెలియనట్టు నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

గేటు కిర్రుమంది. ముందు వాకిట్లో నీళ్లల్లో అడుగులు. దగ్గరికొచ్చాయి. ఆగాయి.

“బాపూ.”

ఆడపిల్ల గొంతు. తియ్యగా, అలసిపోయినట్టు, రోజూ పిలిచినట్టు.

“బాపూ, నేను దీక్షితను. దర్వాజ తియ్యి. తడుస్తున్న.”

సుమన తలుపు వైపు పోబోయి ఆగింది. ఆయన చెయ్యి పట్టుకుంది. పుస్తకంలో చివరి వరస ఇద్దరూ చూశారు. పెన్సిలు గీత ‘దర్వాజ’ దగ్గర తెగి ఉంది. తీయమన్నాడో... వద్దన్నాడో...

“అమ్మా,” అంది బయటి గొంతు. ఏడుపు తన్నుకొస్తోంది. “చలైతున్నది. ఎందుకు తీస్తలేరు?”

సుమన గొళ్లెం మీద చెయ్యి వేసింది. వెనక్కి తిరిగి, గుసగుసగా అడిగింది. “తియ్యాల్నా?”

రాజనర్సు నోరు తెరిచాడు.

అప్పుడు వాళ్ల వెనక నుంచి, లైటు వేయని లోపలి అర్రలో నుంచి, అదే ఆడపిల్ల గొంతు, మెల్లగా అంది.

“తియ్యకు బాపూ.”